చేప బిళ్ళల తనిఖీ

ఇందుమూలంగా యావన్మందికి తెలియజేయడమేమనగా, కరీంనగర్ పట్టణంలోని మానేరు వ్యూ రెసిడెన్సీలో ఏప్రిల్ ఇరవయ్యో తారీఖు నుంచి చేపల వాసన రద్దయింది. ఆ రోజు జరిగిన సమావేశంలో సంఘం వారు చేతులెత్తి తీర్మానించారు. తీర్మానం ప్రతిని లిఫ్టులో అద్దం పక్కన, వాసనకు కూడా కనిపించేంత ఎత్తులో అంటించారు. మన దేశంలో ఒక సమస్య ఇంత సులువుగా తీరిన సందర్భాలు తక్కువ.

మానేరు వ్యూ అని పేరే గాని అక్కడినుంచి మానేరు కనిపించదు. డాబా మీది నీళ్ళ ట్యాంకు ఎక్కి, మునివేళ్ళ మీద నిలబడి, ఎడమవైపు మెడ సాచితే బంగారు నగల హోర్డింగు పక్కనుంచి ఏదో మెరుస్తుందని బిల్డరు చెప్పాడు. ఎక్కి చూసినవాడు ఇంతవరకూ లేడు. చెప్పింది నమ్మేశారు. నమ్మకాల విషయంలో ఆ భవనానికి ఏ లోటూ లేదు.

ఉన్నవి ఇరవై నాలుగు ఫ్లాట్లు. ఇరవై రెండింటిలో చేపలు తింటారు. మిగిలిన రెండింటిలో ఒకటి ఖాళీగా ఉంది, రెండోదాంట్లో ఆయన హోటల్లో తింటాడు. ఇన్ని ఇళ్ళలో చేపలు వండినా వాసన మాత్రం ఒక్క 302 నుంచే వచ్చేది. ప్రకృతిలో ఇటువంటి వింతలు అరుదు. దీన్ని మొట్టమొదట కనిపెట్టిన ఘనత సంఘం అధ్యక్షులు, 401 నివాసి, రైసుమిల్లు యజమాని శ్రీ మధుసూదన్‌రావు గారికే దక్కుతుంది.

302లో అద్దెకుంటున్నది ఆనందమ్మ కుటుంబం. ఆనందమ్మ ఆదిలాబాద్‌లో బడిపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్ళు వంట చేసి, మోకాళ్ళు అరిగాక రిటైరైన మనిషి. కొడుకు వెస్లీ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియను, కోడలు బ్లెస్సీ అదే ఆసుపత్రిలో నర్సు. మనవరాలు ఆరాధన జూన్ పన్నెండున బడి తెరిస్తే నాలుగో తరగతిలో కూర్చోవాలి. ఆసుపత్రి నడక దూరం, బడి బస్సు గేటు ముందే ఆగుతుంది. ఆ కుటుంబానికి ఇంతకంటే పనికొచ్చే ఇల్లు కరీంనగర్‌లో లేదు. ఉన్నా దొరకలేదు.

దొరక్కపోవడానికి కారణం ఇళ్ళు లేకపోవడం కాదు, కరీంనగర్ వాళ్ళ బంధుప్రీతి. 302కు ముందు వాళ్ళు అయిదిళ్ళు చూశారు. మొదటి ఓనరు పేరడిగాడు. వెస్లీ అని చెప్పగానే, ఆ ఇల్లు బావమరిది కోసం అట్టే పెట్టానన్న సంగతి ఆయనకు గుర్తొచ్చింది. రెండో ఓనరమ్మ ఇంటిపేరడిగింది, ఊరిపేరడిగింది, ఆ తర్వాత, "ఊర్ల మీ ఇల్లు ఎటు దిక్కుంటదమ్మా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగింది. ఎటు దిక్కో చెప్పగానే ఆమె చిన్నచెల్లెలు సామానుతో సహా దిగుతున్నట్టు కబురొచ్చింది. ఒక్క వారంలో అయిదిళ్ళ ఓనర్లకూ చుట్టాలు దిగారు. జనం చుట్టాలను పట్టించుకోవడం లేదని ఊరికే అంటారు గాని, అంత ప్రేమ ఆనందమ్మ ఎక్కడా చూడలేదు. 302 ఓనరు హైదరాబాదులో ఉంటాడు. ఆయన తొందరలో ఉండి ఫోన్లో ఏమీ అడగలేదు కాబట్టి ఇల్లు దొరికింది.

వాళ్ళు దిగిన నెలకే భవనంలో వాసన నియంత్రణ ఉపసంఘం ఏర్పడింది. దానికి కన్వీనరు విద్యాధర్ గారు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై మూడేళ్ళు ఫైళ్ళ మీద అభిప్రాయాలు రాసి రిటైరయ్యాడు. రాయడానికి ఫైలు లేక అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిని ఉంది. ఉపసంఘం పుణ్యమా అని మళ్ళీ మనిషయ్యాడు. రోజూ పొద్దున పదకొండింటికి, సాయంత్రం ఏడింటికి ముక్కు ముందుకు పెట్టి మెట్లెక్కేవాడు, దిగేవాడు, నివేదిక రాసేవాడు. ఒకసారి ఆనందమ్మ కుటుంబమంతా ఉట్నూర్‌లో పెళ్ళికని నాలుగురోజులు తాళం వేసి వెళ్ళింది. అప్పటి నివేదికలో ఇట్లా ఉంది: "302కు తాళము వేసియున్నప్పటికీ వాసన అచ్చటి నుండియే వచ్చుచున్నది. ఇది పూర్వపు వాసన అయి ఉండవచ్చును." ఆ నాలుగురోజుల్లో అధ్యక్షుల వారింట్లో మూడుసార్లు కొర్రమట్టల పులుసు ఉడికిందని, ఆ ఇంట్లో పనిచేసే రామవ్వ తర్వాత ఆనందమ్మకు చెప్పింది. ఉపసంఘం పరిధిలోకి పులుసు రాదు, వాసనే వస్తుంది కాబట్టి దాన్ని నమోదు చేయలేదు.

నిషేధం పెట్టేటప్పుడు అధ్యక్షుల వారు సూటిగా 302 అనే రాద్దామన్నారు. విద్యాధర్ అనుభవజ్ఞుడు.

"పేరు వెట్టి రాస్తె మంచిగుండది సార్," అన్నాడు. "అందరికని రాద్దాం. అందరికంటె ఎవలకో అందరికి ఎరికనేనాయె."

అట్లా చేపల వంట అందరికీ సమానంగా నిషిద్ధమైంది. ఆ రాత్రి నుంచి మిగతా ఇళ్ళవాళ్ళు కిటికీలు మూసుకుని వండుకోవడం మొదలుపెట్టారు. మే నెలలో ఒకరోజు మరీ గుప్పుమంది. 302కు నోటీసు వెళ్ళింది. ఆ రోజు మా ఇంట్లో పప్పుచారు అని వెస్లీ రాతపూర్వకంగా జవాబిచ్చాడు. అడగకుండానే పప్పుచారని చెప్పడం అనుమానాన్ని బలపరుస్తోందని ఉపసంఘం అభిప్రాయపడింది. జూన్ ఎనిమిది, ఆదివారం, సాయంత్రం అయిదింటికి సెల్లారులో సర్వసభ్య సమావేశం. ఒకటే అంశం: నెలాఖరుకల్లా 302ను ఖాళీ చేయించమని ఓనరుకు ఉత్తరం రాయడం. ఓనరుకు వెస్లీ ఫోన్ చేసి మొత్తుకుంటే, "అసోసియేషనోళ్ళు రాసిస్తె నేనేం చేస్త తమ్మీ," అన్నాడు. ఆయన గొంతులో కూడా అప్పుడే ఎవరో చుట్టం దిగుతున్న అలికిడి వినిపించింది.

ఇంత పకడ్బందీగా పనిచేసిన సంఘం చిన్న పొరపాటు చేసింది. క్యాలెండర్ చూడలేదు. జూన్ ఎనిమిది మిరుగు.

మిరుగంటే తెలియనివాళ్ళ కోసం: మృగశిర కార్తె మొదలయ్యే రోజది. ఆ రోజు ఈ ప్రాంతంలో చేప ముక్క నోట్లో పడని మనిషికి ఏడాది పొడుగునా దగ్గు, ఉబ్బసపు దమ్ము, కఫం తప్పవు. ఇది వట్టి నమ్మకమని చెప్పే డాక్టర్లు కూడా, ఎందుకైనా మంచిదని, ఆ పొద్దున ఆరింటికే చేపల మార్కెట్లో సంచి పట్టుకుని నిలబడతారు. శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర అధ్యక్షుల వారి సతీమణి ఇందిరాదేవి, "రేపు మిరుగు గదా, చేపలు మంచియి సూసి తెండ్రి," అన్నదట. ఆవిడకు నిజంగానే దమ్ము ఉంది. ముద్ద నోటిదాకా వెళ్ళిన అధ్యక్షుల వారి చెయ్యి అక్కడే ఆగిపోయిందని రామవ్వ చెప్పింది. అరవై ఆరేళ్ళలో ఆయన ఒక్క మిరుగు తప్పలేదు.

వెంటనే విద్యాధర్‌ను పిలిచారు. ఒక్కరోజుకు నిషేధం ఎత్తేయాలంటే ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎత్తేసినా, చేపలు వండుకుని తిని, చేయి కడుక్కుని, సాయంత్రం చేపల వాసన మీద సమావేశం ఎట్లా పెట్టడం? బయట చుట్టాలింట్లో తిని వద్దామని అందరూ ఎవరికి వారే రహస్యంగా నిశ్చయించుకున్నారు. తీరా ఫోన్లు చేస్తే ఊళ్ళో చుట్టాలంతా వేరే చుట్టాలింటికి వెళ్తున్నారు. ఆదివారం పొద్దున అధ్యక్షుల వారు స్వయంగా మార్కెట్టుకు బయల్దేరారు. అధ్యక్షులు కాబట్టి ఎనిమిదింటికి వెళ్ళారు. అప్పటికి మార్కెట్లో నీళ్ళు, పొలుసులు మిగిలాయి. హోటళ్ళ ముందు చేపలు అయిపోయాయని అట్టముక్కలు వేలాడుతున్నాయి.

సరిగ్గా తొమ్మిదింటికి లక్సెట్టిపేట దగ్గరి పల్లె నుంచి ఆనందమ్మ తమ్ముడు బక్కయ్య దిగాడు. పత్తి గింజలు కొనడానికి కరీంనగర్ వస్తూ, ఏటా మిరుగుకు అక్కకు చేప తెచ్చే అలవాటు ప్రకారం మూడు కిలోల గోదారి బొచ్చెను ఇంటి దగ్గరే తోమి, ముక్కలు కొట్టించి, ఐసులో పెట్టి తెచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ ముత్తయ్య ఆపాడు. సంచులు వెతకమని అతనికి ఉత్తర్వులున్నాయి.

"ఏందది?"

"అక్కకు కూరగాయలు."

ముత్తయ్య సంచి మీద చెయ్యి పెట్టాడు. "కూరగాయలు గింత సల్లగుంటయా?"

"మా దిక్కు గట్లనే ఉంటయి."

ముత్తయ్యకూ ఇంట్లో భార్యాపిల్లలున్నారు, వాళ్ళకూ మిరుగుంది. రెండు నిమిషాలు ఆలోచించి గేటు పుస్తకంలో "బంధువు ఒకరు, చల్లని కూరగాయలు" అని రాసుకుని లోపలికి వదిలాడు.

కొడుకూ కోడలూ మనవరాలూ చర్చికి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పితో ఆనందమ్మ ఒక్కతే ఇంట్లో ఉంది. సంచి చూసి గబుక్కున తలుపు వేసింది.

"ఎంత పని జేస్తివిరా బక్కయ్యా! ఈ పొద్దే మీటింగు. చేపల మీదనే మమ్ముల ఎల్లగొడుతున్నరు."

"మరి వాపస్ తీస్కపోనా అక్కా?"

ఆనందమ్మ సంచి మూతి విప్పి చూసింది. ఆరాధన పోయిన చలికాలమంతా దగ్గింది. పైగా ఆమెకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. "వాసనెట్లాగూ మనదే అంటుండ్రు. చేప గూడ మనదే అయితే ఏం బోయె?" అన్నది. బక్కయ్య చాయ్ తాగి గింజల దుకాణానికి వెళ్ళిపోయాడు.

పులుసు పెడితే వాసన నాలుగో అంతస్తు దాకా వెళ్తుంది. వేపుడు చేస్తే గేటు దాకా వెళ్తుంది. హాస్టల్ రోజుల్లో ఆనందమ్మకు చేతైన విద్య ఒకటుంది, చేప బిళ్ళలు. రెండు చేపలు, నూటిరవై మంది పిల్లలు. చర్చిలో పాస్టరు గారు, ప్రభువు రెండు చేపలతో అయిదువేల మందికి భోజనం పెట్టిన ఘట్టం చెప్పినప్పుడల్లా జనమంతా ఆశ్చర్యపోతారు గాని ఆనందమ్మ ఏనాడూ ఆశ్చర్యపోలేదు. ఆలుగడ్డలు కలిపి ఉంటారని ఆమెకు మొదటినుంచీ తెలుసు.

దుకాణానికి వెళ్ళే పని లేదు. ఇంట్లో ఉన్నవే చాలు. ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, రెండు నిమ్మకాయలు పిండి, మూతపెట్టి ఆవిరి మీద ఉడికించింది. పసుపూ నిమ్మరసమూ పడితే నీచు సగం చస్తుంది. చల్లారాక ఒక్కో ముక్కనూ వేళ్ళతో విడదీస్తూ ముళ్ళు ఏరింది. ఈ పనిలో తొందరపడితే పిల్లల గొంతులో పడుతుంది కాబట్టి ముప్పై ఏళ్ళలో ఎన్నడూ తొందరపడలేదు. ఉడికిన ఆలుగడ్డలు మెదిపి కలిపింది. ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డ, కొత్తిమీర సన్నగా తరిగి వేసింది. పచ్చిమిరపకాయలు హాస్టల్ లెక్కన పడ్డాయి, అంటే కొంచెం ఎక్కువ పడ్డాయి. మిరియాలు దంచి, రెండు గుడ్లు కొట్టి పోసింది. మిక్సీ చప్పుడుకు విద్యాధర్ వస్తాడేమోనని, ఆరాధన చాయ్‌లో ముంచుకునే టోస్టులను చపాతీ కర్రతో నూరి పొడి చేసింది. అరచేతిలో అదిమి, పొడిలో దొర్లించి, పెనం మీద రెండు చెంచాల నూనె వేసి, సన్నని సెగ మీద కాల్చింది. ఒకవైపు అంచులు ఎర్రబడి గట్టిపడ్డాకే తిప్పాలి. ముందే తిప్పితే విరిగి ఉప్మా అవుతుంది.

కిటికీలు మూసింది. తలుపు కింద తడి తువ్వాలు దూర్చింది. అయినా ధైర్యం చాలక, దోమలకని కొన్న ఊదుబత్తీలు నాలుగు ఒకేసారి వెలిగించింది. అక్కడే దొరికిపోయింది.

పదకొండు గంటల గస్తీకి బయల్దేరిన విద్యాధర్ మూడో అంతస్తులో ఠక్కున ఆగాడు. 302 నుంచి చేపల వాసన రావడం లేదు. ఏప్రిల్ నుంచి ఒక్కరోజు కూడా ఇట్లా జరగలేదు. పైగా ఊదుబత్తీ వాసన వస్తోంది. విషయం చాలా దూరం వెళ్ళిందని గ్రహించి, అధ్యక్షుల వారిని పిలుచుకుని వచ్చి తలుపు తట్టాడు.

ఆనందమ్మ తలుపు తీసింది. వెనకాల బల్ల మీద పెద్ద పళ్ళెంలో అరవై ఆరు బిళ్ళలు ఎర్రగా, గుండ్రంగా వరుసకట్టి ఉన్నాయి. ఆమె ఇల్లు పోయిందనే అనుకుంది.

"ఏందమ్మా అయి?" విద్యాధర్ అడిగాడు.

"బిళ్ళలు సారు. ఇంట్ల ఉన్నయేసి చేసిన."

"ఉన్నయంటే ఏమున్నయి?"

"ఆలుగడ్డలు, ఉల్లిగడ్డలు, టోస్టులు..."

అధ్యక్షుల వారు గడప బయటినుంచే పళ్ళెం వైపు మెడ సాచారు. ఆయన ముక్కుపుటాలు అదురుతున్నాయి. అరవై ఆరేళ్ళ అనుభవమున్న ముక్కు. అందులో గోదావరి బొచ్చె ఉందని ఆ ముక్కుకు తెలిసిపోయింది. మిరుగు పొద్దు గడిచిపోతోందని కూడా తెలుసు.

"విద్యాధర్," అన్నారాయన గంభీరంగా, "చూసి చెప్తే నడవదు. నమూనా తీయాలె."

నమూనా సేకరణ విధానం అక్కడికక్కడే ఖరారైంది. ఇందిరాదేవి పైనుంచి స్టీలు డబ్బా పంపించింది. 302 గిన్నెల్లో తీసుకుంటే ఫలితాలు తారుమారు కావచ్చని విద్యాధర్ వివరించాడు. అధికారులు గడప బయటే నిలబడాలి, ఆనందమ్మ గడప లోపలినుంచి డబ్బాకు తగలకుండా పైనుంచి జారవిడవాలి. ఆమె అట్లాగే వదిలింది. అలవాటున్న పనే.

అధ్యక్షుల వారు మెట్ల మీద నిలబడి మొదటి నమూనాను పరీక్షించారు. పైన కరకరలాడింది, లోపల మెత్తగా విడిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. "ఒకదాంతోని ఏం తేలది," అన్నారు. రెండోది కూడా తేల్చలేదు. మూడోదానికి కొంత అనుమానం వచ్చింది, నాలుగోదానికి అనుమానం బలపడింది. ఒక్కరి అభిప్రాయం చట్టం ముందు నిలవదని విద్యాధర్ అయిదు పరీక్షించాడు. మహిళా సభ్యుల సాక్ష్యం తప్పనిసరి కాబట్టి ఇందిరాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి, కొంగు చాటునే నాలుగు పరీక్షించి, "ఇంక జర నిమ్మకాయ వడాలె," అని సాంకేతిక సలహా ఇచ్చింది.

పదిహేను నిమిషాల్లో ఈ తనిఖీ సంగతి భవనమంతా పాకింది. న్యాయం జరగాలంటే స్వతంత్ర పరిశీలన అవసరమని రెండో అంతస్తు పట్టుబట్టింది. ఒకటో అంతస్తు తనకూ ఓటు హక్కుందని గుర్తుచేసింది. హోటల్లో తినే ఆయన తటస్థ పరిశీలకుడిగా వచ్చాడు. ప్రతివారూ ఇంటినుంచి తలా ఒక గిన్నె తెచ్చుకున్నారు. మెట్ల మీద వరుస కట్టారు. ఎవరూ తోసుకోలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, ఎవరూ గడప లోపల కాలు పెట్టలేదు. అంత క్రమశిక్షణ ఆ భవనంలో జెండా పండుగ రోజు కూడా కనిపించదు.

ఒంటిగంటకు చర్చి నుంచి వచ్చిన వెస్లీ, ఒకటో అంతస్తు నుంచి మూడో అంతస్తు దాకా నిలబడ్డ జనాన్ని చూసి మెట్ల మీదే కూలబడ్డాడు. సామాను బయట వేస్తున్నారనుకున్నాడు. బ్లెస్సీ పరుగున పైకి వచ్చేసరికి అత్తగారు చెమటలు కక్కుతూ చివరి బిళ్ళలు వడ్డిస్తోంది. పళ్ళెం ఖాళీ అయింది. మూత కింద రెండు దాచి ఉంచడం విద్యాధర్ చూశాడు.

"ఆ రెండు ఫైలుకు గావాలె."

"అవి పిల్లయి సారు," అన్నది ఆనందమ్మ. గొంతు పెంచలేదు గాని తలుపుకు అడ్డంగా నిలబడింది.

విద్యాధర్ ఆమె వైపు చూసి, ఒక్కడుగు వెనక్కి వేసి, "రెండు నమూనాలు ప్రతివాది వద్దనే నిలుపుకొనబడినవి" అని రాసుకున్నాడు.

సాయంత్రం అయిదింటికి సెల్లారులో కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. వాన పడుతుందో పడదో తెలియని ఉక్క. అందరి మొహాల్లోనూ మిరుగు తప్పలేదన్న తృప్తి కనిపిస్తోంది, అందరి గొంతుల్లోనూ హాస్టల్ లెక్కన పడ్డ పచ్చిమిరపకాయలు పనిచేస్తున్నాయి. ఆనందమ్మ కుటుంబం మోటారు గది పక్కన నిలబడింది. ఆరాధన తల్లి చెయ్యి పట్టుకుని, "మనం బడి సురువైనంక పోతమా, ముందుగాల్నే పోతమా?" అని అడిగింది. బ్లెస్సీ పిల్ల తల నిమిరింది.

అధ్యక్షుల వారు లేచారు. "సభ్యులారా! మన ఈ మానేరు వ్యూ ఒక భవనం కాదు, ఒక సంస్కృతి. ఇక్కడ మనం అందరం ఒక్క కుటుంబం లెక్క బతుకుతున్నం. కుటుంబమన్నప్పుడు కొన్ని కట్టుబాట్లుంటయి. మాకు ఎవలి మీద కోపం లేదు. మా కొట్లాట మనుషులతోని కాదు, వాసనతోని." ఇక్కడ చప్పట్లు పడ్డాయి. ఒకరిద్దరు దగ్గారు.

విద్యాధర్ నివేదిక చదివాడు. అరవై నాలుగు గోధుమరంగు వృత్తాకార పదార్థములు సేకరించబడినవి, పరీక్షించబడినవి, పరీక్షలో అయిపోయినవి. అందులో చేప ఉన్నదని తేలితే 302 వారు నిషేధాన్ని ఉల్లంఘించినట్టే. అంతవరకూ చదివి ఆగాడు. ముప్పై మూడేళ్ళ సర్వీసులో రాని చిక్కు వచ్చిపడింది.

"అయితే," అన్నాడు మెల్లగా, "చేప ఉన్నదని తేలితే, దాన్ని ఇరవై రెండు ఫ్లాట్లోల్లం నిషేధం ఉండంగ తిన్నట్టు. అది గూడ 302ల వండింది..." ఆ వాక్యాన్ని పూర్తి చేయలేదు. ఎవరూ పూర్తి చేయమని అడగలేదు.

"అట్లయితే చేప లేదని రాయి," అన్నాడు ఒకాయన.

ఇందిరాదేవి దిగ్గున లేచింది. "ఏందీ? చేప లేకపోతె నా దమ్ము సంగతేంది? మిరుగు వోయినట్టేనా?"

సెల్లారంతా గగ్గోలు పుట్టింది. చేప ఉందంటే పరువు పోతుంది, లేదంటే మిరుగు పోతుంది. రెండూ కావాలి. అరగంట వాదోపవాదాలు జరిగాయి. ఒకరు తెలివిగా, చేపను అడగకుండా వేసినందుకు 302 మీద ఇంకో నోటీసు ఇద్దామన్నారు. చివరికి విద్యాధర్ కళ్ళద్దాలు తుడుచుకుని, సర్వీసు మొత్తంలోకెల్లా గొప్పదైన అభిప్రాయాన్ని వెలువరించాడు.

"ఆరోగ్యరీత్యా అది చేప. నిబంధనల రీత్యా ఆలుగడ్డ."

వెంటనే మోగిన చప్పట్లకు రెండు కార్ల అలారాలు అరిచాయి. తీర్మానం ఏకగ్రీవం. ఆలుగడ్డ నిషిద్ధం కాదు కాబట్టి 302 మీద చర్య అవసరం లేదు. నమూనాలు చాలనందున పరీక్ష అసంపూర్తిగా ఉంది. వచ్చే మిరుగుకు రెండు వందలకు తగ్గకుండా నమూనాలు సిద్ధం చేయాలి, అంతవరకు 302 వారు నివసించవచ్చును. అధ్యక్షుల వారు ఆనందమ్మ వైపు చూసి, "మా పెద్దమనసు సూసినవా ఆనందమ్మా?" అన్నారు.

వెస్లీ గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. బ్లెస్సీ ఏడ్చేసింది. ఆనందమ్మకు సంతోషంతో ఏం చేయాలో తోచలేదు. ఏడాది. ఒక చదువు సంవత్సరం. కరీంనగర్‌లో చుట్టాలు లేని ఓనరును వెతుక్కోవడానికి అంత వ్యవధి దొరకడం మాటలా! సంతోషం వస్తే మనిషికి పెట్టాలనిపిస్తుంది. పెట్టడానికి బిళ్ళలు మిగల్లేదు. అందరూ పొలమారినట్టు దగ్గుతూ కూర్చోవడం ఆమె చూసింది. మోకాళ్ళు నొప్పిపెడుతున్నా మూడంతస్తులు ఎక్కి, నీళ్ళ కుండ చంకనెత్తుకుని, నాలుగు స్టీలు గిలాసలు పట్టుకుని దిగి వచ్చింది.

"మిరపకాయలు జర ఎక్కువైనయి సారు. పొద్దటి సంది అందరు మావే తింటిరి. గొంతు కాలుతుండొచ్చు. ఇగో, సల్లటి నీళ్ళు." కుండను కుర్చీల మధ్య దించి మొదటి గిలాస అధ్యక్షుల వారి ముందు చాపింది.

అధ్యక్షుల వారు అప్పుడే దగ్గుతున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడే తాగిన," అన్నారు.

విద్యాధర్ ఇప్పుడే తాగాడు. ఇందిరాదేవి ఆయాసంతో మాట్లాడలేక, తాగానని చేత్తో సైగ చేసింది. రెండో అంతస్తు ఇప్పుడే తాగింది. ఒకటో అంతస్తుకు అసలు నీళ్ళ అలవాటే తక్కువ. హోటల్లో తినే ఆయన గొంతు పట్టుకుని తటస్థంగా ఉండిపోయాడు. ఆనందమ్మ గిలాస పట్టుకుని చివరి వరుస దాకా నడిచింది. చివర్లో ముత్తయ్య నిలబడి ఉన్నాడు. అతను చెయ్యి చాపాడు. చాపి, అధ్యక్షుల వారి వైపు చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"డ్యూటీల ఉన్న పెద్దమ్మా," అన్నాడు నేల చూస్తూ.

సమావేశం జాతీయగీతంతో ముగిసింది. సభ్యులు దగ్గుకుంటూ, తృప్తిగా ఎవరి ఫ్లాట్లకు వాళ్ళు వేగంగా వెళ్ళారు. పైనుంచి ఒకదాని తర్వాత ఒకటిగా ఫ్రిజ్ తలుపుల చప్పుళ్ళు వినిపించాయి. కుండ బరువు తగ్గలేదు కాబట్టి ఈసారి వెస్లీ ఎత్తుకున్నాడు.

"ఇల్లయితే దక్కింది గద అత్తమ్మా," అన్నది బ్లెస్సీ, మెట్లెక్కుతూ.

"దక్కింది బిడ్డా," అన్నది ఆనందమ్మ. పొద్దున తలుపు తట్టినప్పుడు ఇల్లు పోయిందనుకుంటే కూడా ఇంత బాధ కలగలేదు. మూడో అంతస్తు చేరాక గిలాస నింపుకుని, నిలబడే, తానే ఆ నీళ్ళు గటగటా తాగింది.

నివేదిక ముగించే ముందు ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. అంత దగ్గులోనూ అంతమందీ ఆ నీళ్ళెందుకు తాగలేదో ఇందులో ఎక్కడా రాయలేదు. పాఠకులు అడుగుతారు, అడిగితే చెబుదామని ఆగాం. ఇంతదూరం చదివారు, మీలో ఒక్కరూ అడగలేదు.